స్లో కుక్కర్‌లో పొద్దున పెట్టి వెళ్తే రాత్రికి నీళ్లనీళ్లగా అవుతోంది, తప్పు ఎక్కడ?

రాత్రి_ఏడున్నర
స్లో కుక్కర్ (కరెంటు మీద సన్నటి వేడితో గంటల తరబడి ఉడికించే గిన్నె) కొని రెండు నెలలైంది. కొన్నప్పుడు ఎంత ఆశ పెట్టుకున్నానో! పొద్దున అన్నీ అందులో వేసి వెళ్లిపోతే రాత్రికి వేడివేడిగా వంట సిద్ధం, ఆఫీసు నుంచి వచ్చి పొయ్యి ముందు నిలబడే పని లేదు అనుకున్నాను. ఇప్పటికి తొమ్మిదిసార్లు వాడితే నోట పెట్టుకునేలా వచ్చినవి రెండే.

నిన్నటి సంగతి చెప్తాను. బోన్‌లెస్ చికెన్ బ్రెస్ట్ ముప్పావు కిలో అడుగున పరిచాను. దాని మీద నాలుగు టొమాటోలు, రెండు ఉల్లిపాయలు. అన్నిటికంటే పైన నాలుగు బంగాళాదుంపలు, ఒక్కోటి రెండు ముక్కలు చేసి. ఉప్పు, కారం, మిరియాలు, రెండు గ్లాసుల నీళ్లు. ఉదయం ఏడున్నరకి ఆన్ చేశాను, ఇల్లు చేరేసరికి ఆరున్నర. అంటే 11 గంటలు. మూత తీస్తే పైన నీళ్లు తేలుతున్నాయి. చికెన్ నమిలితే రంపపు పొట్టులా ఉంది. విచిత్రం ఏంటంటే బంగాళాదుంప లోపల ఇంకా గట్టిగానే ఉంది! ఒకే గిన్నెలో మాంసం ఎండిపోయి దుంప పచ్చిగా ఎలా మిగులుతుంది? పిల్లలు రెండు ముద్దలు తిని బ్రెడ్ అడిగారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఎవరికైనా ఇచ్చేసేముందు ఇక్కడ ఒకసారి అడుగుదామని.

మూత_తీయనివాడు
ఇచ్చేయకండి. మధ్యలో ఎవరైనా మూత తీసి చూశారా?

రాత్రి_ఏడున్నర
తీయడానికి ఇంట్లో ఎవరున్నారండీ. సెలవు రోజుల్లో పెట్టినప్పుడు మాత్రం గంటకోసారి తీసి కలుపుతుంటాను, అడుగంటుతుందేమో అని.

మూత_తీయనివాడు
అడుగంటదు. వేడి అడుగు నుంచి మాత్రమే కాదు, ఎక్కువగా చుట్టూ గోడల నుంచి వస్తుంది, అదీ నెమ్మదిగా. మీరు మూత తీసిన ప్రతిసారీ లోపల పట్టిన ఆవిరంతా పోతుంది. మళ్లీ ఆ వేడికి రావడానికి 20 నిమిషాల పైనే పడుతుంది. గంటకోసారి తీస్తే ఆ రోజు అది ఉడికింది తక్కువ, కోలుకున్నది ఎక్కువ.

నిదానమే_ప్రధానం
నేను ఎనిమిదేళ్లుగా వారానికి మూడు రోజులు దీంట్లోనే వండుతున్నాను కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు నీళ్లు. పొయ్యి మీద వండేటప్పుడు సగం నీళ్లు ఆవిరై పోతాయి కదా, ఆ లెక్కతో మనం పోస్తాం. ఇక్కడ మూతకి తగిలిన ఆవిరి మళ్లీ గిన్నెలోకే కారుతుంది, చుక్క కూడా బయటకి పోదు. దానికి తోడు టొమాటో, ఉల్లి, చికెన్ మూడూ నీళ్లు వదులుతాయి. మీరు వేసిన సరుకుకి అర గ్లాసు చాలు. రెండు గ్లాసులు పోస్తే అది కూర కాదు, స్నానం.

తర్వాత చికెన్. బ్రెస్ట్‌లో కొవ్వు తక్కువ, జిగురు కణజాలం తక్కువ. దానికి ఎక్కువసేపు వేడి అంటే నీరంతా పిండేయడమే. లెగ్ ముక్కలు, తొడ ముక్కలు వేయండి. వాటి జిగురు కణజాలంలో ఉండే కొలాజెన్ నిదానంగా కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క మెత్తబడి నోట్లో జారిపోతుంది. స్లో కుక్కర్ పుట్టిందే అలాంటి గట్టి ముక్కల కోసం. బ్రెస్టే కావాలంటే ‘లో’ మీద మూడు గంటలు, ఇంట్లో ఉన్న రోజు మాత్రమే.

దుంప సంగతి మాత్రం నాకూ పూర్తిగా అంతుపట్టలేదు. పైన వేయడం తప్పే, కానీ 11 గంటలకి ఎక్కడున్నా ఉడకాలి.

థర్మామీటర్_తాత
దుంప దగ్గరే అసలు కథ ఉంది. చికెన్ 74 డిగ్రీల సెంటీగ్రేడ్‌కి చేరితే ఉడికినట్టే. దుంప, క్యారెట్ అలా కాదు. వాటి కణాలని అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం కరగాలంటే 85 డిగ్రీల దాకా వెళ్లాలి. అందుకే ఒకే గిన్నెలో మాంసం అయిపోయాక కూడా దుంప గట్టిగా ఉండొచ్చు. పైగా టొమాటో పులుపు పెక్టిన్‌ని గట్టిపరుస్తుంది. పైన ఉన్న దుంపకి నీళ్లు తగలవు, ఆవిరి ఒక్కటే దిక్కు.

అయినా 11 గంటలు అంటే నమ్మబుద్ధి కావడం లేదు. అమ్మా, మీది తిప్పే నాబ్ ఉన్న కుక్కరా, బటన్లు ఉన్నదా? మీరు నొక్కింది ఏంటి?

రాత్రి_ఏడున్నర
బటన్లదే. ‘లో’ నొక్కితే 6:00 అని చూపిస్తుంది, అలాగే వదిలేశాను. నేను వచ్చేసరికి ‘వార్మ్’ లైటు వెలుగుతోంది. వేడిగానే ఉందిగా అని పట్టించుకోలేదు.

థర్మామీటర్_తాత
దొరికింది! మీది 11 గంటలు ఉడకలేదు. ఆరు గంటలు ఉడికి, ఐదు గంటలు కూర్చుంది. వార్మ్ వండదు, వండిన దాన్ని పాడవకుండా వేడిగా ఉంచుతుంది, అంతే. అక్కడ వేడి 63 నుంచి 74 మధ్య ఉంటుంది. ఆ వేడికి దుంప ఇక మెత్తబడదు, చికెన్ మాత్రం ఇంకా ఎండుతుంది. మీ రంపపు పొట్టుకీ, పచ్చి దుంపకీ కారణం ఒక్కటే.

రాత్రి_ఏడున్నర
అయ్యో! రెండు నెలలుగా ఆ 6:00 ని ఏదో గడియారం అనుకుంటున్నాను. పైకి బాణం నొక్కితే 8, 10 వస్తున్నాయి ఇప్పుడే చూశాను.

గరిటె_చేతబట్టి
టైము సరే, రుచి సంగతి ఎవరూ ఎత్తలేదేం? పచ్చి ఉల్లి, పచ్చి మాంసం అలాగే పడేస్తే ఎన్ని గంటలు పెట్టినా చప్పగానే ఉంటుంది. మాంసం ఎర్రగా వేగితే వచ్చే ఆ వాసన, ఆ రుచి 140 డిగ్రీలు దాటితే గానీ సరిగా రావు. స్లో కుక్కర్‌లో నీళ్లు ఉన్నంతకాలం 100 దాటదు. కాబట్టి ముందు పెనం మీద మాంసం, ఉల్లిపాయ వేయించి తర్వాతే ఇందులో వేయాలి. నా మటుకు నాకు వేయించకుండా వేసింది వంట కింద లెక్క కాదు.

రెండో_షిఫ్ట్
పొద్దున ఏడింటికి పెనం పెట్టి, వేయించి, ఆ పెనం కడిగి వెళ్లే ఓపిక ఉంటే స్లో కుక్కర్ ఎందుకు కొంటాను గరిటె గారూ? నేను ఏనాడూ వేయించలేదు. ఇంట్లో నలుగురూ గిన్నె నాకి పెడతారు.

గరిటె_చేతబట్టి
వేయించినది ఒకసారి తినిపించి చూడండి, తర్వాత మీ పాతది ఎవరూ నాకరు.

నిదానమే_ప్రధానం
ఇద్దరికీ మధ్య దారి ఉంది. ఉల్లి, వెల్లుల్లి, టొమాటో గుజ్జు రాత్రే వేయించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. రుచిలో ముప్పావు వంతు అక్కడే వచ్చేస్తుంది. మాంసం పొద్దున పచ్చిదే వేస్తాను.

రెండో_షిఫ్ట్
అదైతే ఒప్పుకుంటా. అలాంటప్పుడు మాంసం కూడా రాత్రే కాస్త వేయించి పెట్టేసుకుంటే అయిపోదా?

థర్మామీటర్_తాత
వద్దు. అది మాత్రం చేయకండి. సగం ఉడికిన మాంసంలో క్రిములు చావవు, వెచ్చబడి హాయిగా పెరగడానికి వీలు దొరుకుతుంది. వేయిస్తే వెంటనే కుక్కర్‌లోకి వెళ్లాలి, లేదా పూర్తిగా పచ్చిగా ఫ్రిజ్‌లో ఉండాలి. పచ్చి మాంసం, కోసిన కూరగాయలు కూడా రాత్రి వేర్వేరు డబ్బాల్లో పెట్టండి, పొద్దున కలపండి.

చలికుండ
నేను కుక్కర్ లోపలి సిరామిక్ గిన్నెలోనే రాత్రి అన్నీ వేసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తీసి స్విచ్ వేసేస్తాను. పని మరీ సులువు. ఇందులో తప్పేమైనా ఉందా?

మూత_తీయనివాడు
రెండు తప్పులు. ఆ మందపాటి గిన్నె మంచుగడ్డలా ఉంటుంది, అది వేడెక్కేసరికే గంటలు గడుస్తాయి, అంతసేపూ మాంసం గోరువెచ్చగా నానుతుంది. రెండోది, చల్లటి సిరామిక్‌కి ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుంది. మా ఇంట్లో సరిగ్గా అలాగే పగిలింది, కూరంతా లోపలి వైర్ల మీదికి కారింది. విడి గిన్నె కొందామంటే ఆ సైజుది దొరకలేదు.

చలికుండ
అమ్మో. ఇవాళ్టి నుంచి డబ్బాల్లోకి మారుస్తాను.

తొందరపాటు
నేను మాంసం ఫ్రీజర్ నుంచి తీసి గడ్డగా ఉన్నదే వేసేస్తా. పదేళ్లుగా ఏం కాలేదు.

థర్మామీటర్_తాత
5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. ఆ మధ్యలో ఆహారం రెండు గంటల కంటే ఎక్కువ ఉండకూడదు. గడ్డకట్టిన కిలో మాంసం 200 వాట్ల కుక్కర్‌లో ఆ మధ్యలో ఎంతసేపు ఉంటుందో మీరే థర్మామీటర్ గుచ్చి చూడండి బాబూ. ముందురోజు ఉదయమే ఫ్రిజ్ కింది అరలోకి దించితే మర్నాటి ఉదయానికి కరిగిపోతుంది. ఎక్కువ పనేం కాదు.

తొందరపాటు
సరే, గుచ్చి చూసి చెప్తా.

సాయంత్రపు_దీపం
నాకు వేరే భయం. ఇంట్లో ఎవరూ లేకుండా పదేసి గంటలు కరెంటు సామాను ఆన్‌లో వదిలేయడం. ఆఫీసులో కూర్చున్నా మనసు అక్కడే ఉంటుంది.

రెండో_షిఫ్ట్
మొదట్లో నాకూ ఉండేది. ఇది అలా వాడుకోవడానికే తయారుచేసింది. 200 వాట్లంటే పాతకాలం నాటి 100 వాట్ల బల్బులు రెండు. గోడకి, కర్టెన్‌కి దూరంగా గట్టి బల్ల మీద పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వైరు వాడకండి, నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. వైరు చిట్లినా, ప్లగ్గు వేడెక్కుతున్నా ఆ రోజు వాడకండి. బిల్లు గురించి కూడా దిగులు అక్కర్లేదు, 8 గంటలకి 1.6 యూనిట్లు, అదీ నిండా లాగితే.

సాయంత్రపు_దీపం
మరి మధ్యలో కరెంటు పోతే?

థర్మామీటర్_తాత
ఇంట్లో ఉంటే వెంటనే పొయ్యి మీదకి మార్చండి. లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే పారేయడమే. చూడ్డానికి ఉడికినట్టున్నా సరే. ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. మామూలు డిజిటల్ గడియారం ఒకటి అదే సాకెట్ వరుసలో పెట్టాను నేను, కరెంటు పోయొస్తే 12:00 అని మిణుకుమిణుకుమంటుంది.

సాయంత్రపు_దీపం
ఈ గడియారం ఉపాయం ఒక్కదానికే మీకు దండం పెట్టాలి తాతగారూ.

శనివారం_వంట
మాంసం తినని వాళ్ల కోసం: ఎర్ర రాజ్మా రాత్రి నానబెట్టి పొద్దున నేరుగా స్లో కుక్కర్‌లో వేసి ‘లో’ మీద పది గంటలు. ఏ పనీ లేదు. రాత్రి_ఏడున్నర గారూ, రేపే చేసి చూడండి.

గింజ_గింజకీ
దయచేసి ఇది ఎవరూ చేయకండి. పై పోస్టు చదివి చేతులు వణికాయి నాకు.

రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. నానబెడితే పోదు. మరిగే నీళ్లలో, అంటే 100 డిగ్రీల దగ్గర బాగా ఉడికితేనే పోతుంది. స్లో కుక్కర్‌లో ‘లో’ మీద అంత వేడి రాకపోవచ్చు. ఇంకా దారుణం, 80 డిగ్రీల దాకా వేడెక్కి ఆగిపోతే ఆ విషం పచ్చి గింజల్లో కంటే ఐదు రెట్ల వరకు పెరగొచ్చు. నాలుగైదు గింజలు చాలు మనిషి పడిపోవడానికి.

ఇది చదివి తెలుసుకున్నది కాదు. మూడేళ్ల కిందట ఇలాగే చేసి తిన్నాం. తిన్న రెండు గంటలకి మా ఆయనకి, నాకు, పెద్దమ్మాయికి వాంతులు మొదలయ్యాయి. ఆ రాత్రంతా ఒకరి తర్వాత ఒకరం బాత్రూం దగ్గరే. చిన్నవాడికి రాజ్మా ఇష్టం లేదు కాబట్టి తప్పించుకున్నాడు. ఆ పిల్లవాడు తిని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

చేయాల్సింది ఇది: కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో పొయ్యి మీద తెర్లేలా మరిగించాలి. కనీసం 10 నిమిషాలు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 30 నిమిషాలు అంటుంది, నేను ఆ 30నే పట్టుకున్నాను. ఆ తర్వాతే స్లో కుక్కర్. డబ్బాల్లో వచ్చే ఉడికించిన రాజ్మా అయితే నేరుగా వేసుకోవచ్చు.

శనివారం_వంట
నాకు ఇది నిజంగా తెలియదండీ. ఇన్నాళ్లూ మా కుక్కర్ ఎక్కువ వేడి ఎక్కేది కాబట్టి బతికిపోయామేమో. అందరూ నా పోస్టు వదిలేసి గింజ గారిది పాటించండి.

నిదానమే_ప్రధానం
గింజ గారూ, మీరు రాసింది చదివి మంచిపని చేశారనిపించింది. కందిపప్పు, ఎర్రపప్పు లాంటి పప్పులకి ఈ బాధ లేదు, నేరుగా వేయొచ్చు. కాకపోతే టొమాటో, పులుపు ఏదైనా పప్పు మెత్తబడ్డాకే. ముందే వేస్తే గింజ గింజగానే ఉండిపోతుంది.

తవ్వకాలవాడు
గింజల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. అసలు ఈ యంత్రం గింజల కోసమే పుట్టింది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన 1936లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టుకుని 1940లో పొందారు. లిథువేనియాలో యూదు కుటుంబాలు సబ్బాత్ రోజు, అంటే వారానికోసారి వచ్చే వాళ్ల విశ్రాంతి రోజు, నిప్పు ముట్టకూడదని ముందురోజే గింజలు, మాంసం ఉన్న కుండని రొట్టెల బట్టీలో పెట్టేవారట, ఆరిపోతున్న బట్టీ వేడికే అది తెల్లారేసరికి ఉడికేది. వాళ్లమ్మ చెప్పిన ఆ కథే ఆయన బుర్రలో నాటుకుంది. తర్వాత ఆయన వ్యాపారాన్ని 1970లో రైవల్ కంపెనీ కొని, 1971లో క్రాక్‌పాట్ పేరుతో తెచ్చింది. ఉద్యోగాలకి వెళ్లే ఆడవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

గరిటె_చేతబట్టి
అంటే బద్ధకం కోసం కాదు, భక్తి కోసం పుట్టిందన్నమాట. ఈ ఒక్క ముచ్చటకి స్లో కుక్కర్ మీద నా కోపం సగం తగ్గింది.

పాత_మోడల్
గింజ గారు ‘లో’ వేడి గురించి చెప్పారు కదా, ‘లో’, ‘హై’ రెండిటికీ చివరి వేడి వేరు అనుకుంటున్నారా ఎవరైనా? చాలా కుక్కర్లలో రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే చోటికి, మరుగుకి కాస్త కింద. ‘హై’ త్వరగా చేరుతుంది, ‘లో’ నింపాదిగా. అందుకే ‘లో’ 8 గంటలంటే ‘హై’ 4 గంటలని లెక్క.

రాత్రి_ఏడున్నర
మరి నా కుక్కర్ అసలు సరిగ్గా వేడెక్కుతోందో లేదో తెలుసుకునేదెలా?

థర్మామీటర్_తాత
సెలవు రోజు సగానికి పైగా మామూలు నీళ్లు పోసి, మూత పెట్టి, ‘లో’ మీద 8 గంటలు ఉంచండి. మూత తీసిన మరుక్షణం థర్మామీటర్ పెట్టండి, ఆలస్యమైతే వేడి దిగిపోతుంది. 85 దగ్గర ఉంటే మంచిది. బాగా ఎక్కువ ఉంటే మీ వంటల టైము తగ్గించుకోండి. తక్కువ ఉంటే మాత్రం ఆ కుక్కర్‌లో మాంసం వండొద్దు.

తొందరపాటు
నాది ఆరంభంలో మూడు గంటలు ఆలస్యంగా మొదలయ్యేలా టైమర్ పెట్టుకోవచ్చు. రాత్రి_ఏడున్నర గారికి అదే సరైన మందు కదా? పదిన్నరకి మొదలై ఆరున్నరకి సరిగ్గా ఎనిమిది గంటలు.

నిదానమే_ప్రధానం
మూడు గంటలు పచ్చి చికెన్ బల్ల మీద కూర్చుంటుంది తొందరపాటు గారూ, తాతగారు చెప్పిన రెండు గంటలు అక్కడే దాటిపోయాయి. ఉడికాక చివరి మూడు గంటలు వార్మ్‌లో ఉండటమే మేలు. తొడ ముక్కలకి ఆ మూడు గంటలు లెక్కలోకి రావు.

రాత్రి_ఏడున్నర
వారం తర్వాత వచ్చాను. ఆదివారం నీళ్ల పరీక్ష చేశాను, 91 వచ్చింది. నిన్న మళ్లీ ధైర్యం చేశాను. ఉల్లి, వెల్లుల్లి రాత్రే వేయించి పెట్టుకున్నాను. దుంపలు బొటనవేలంత ముక్కలు చేసి అడుగున, గోడలకి ఆనించి వేశాను. వాటి మీద తొడ ముక్కలు, చర్మం తీసేసి. నీళ్లు అర గ్లాసు. టొమాటో ఒక్కటే. ‘లో’ 8 గంటలు అని బాణం నొక్కి, రెండుసార్లు సరిచూసుకుని మరీ వెళ్లాను.

తలుపు తీయగానే వాసన! మెట్ల దాకా వచ్చిందని పక్కింటావిడ చెప్పింది. దుంప గరిటె తగిలితే విరిగింది. చికెన్ ఎముక నుంచి తనంతట తానే ఊడొచ్చింది. పులుసు ఇంకాస్త పల్చగానే ఉంది, పైన కొవ్వు కొద్దిగా తేలింది, కానీ గిన్నె ఖాళీ అయింది. మా చిన్నది ఎముక చీకుతూ ‘ఇది కొత్త కుక్కరా’ అని అడిగింది.

మూత_తీయనివాడు
పల్చగా ఉంటే చివరి అరగంట ‘హై’ పెట్టి మూత ఓరగా ఉంచండి. ఆ ఒక్కసారికి మాత్రం మూత తీయడానికి నేను ఒప్పుకుంటాను.

గరిటె_చేతబట్టి
లేదా రెండు దుంప ముక్కలు గరిటెతో మెదిపి కలిపేయండి, అదే చిక్కబడుతుంది. దించేముందు కొత్తిమీర, నిమ్మరసం. పొద్దున వేసిన ఆకులు రాత్రికి గడ్డి.

సాయంత్రపు_దీపం
నేను పెరుగు మొదట్లోనే వేస్తే విరిగి గుల్లలుగుల్లలుగా అయింది. అదెందుకు?

నిదానమే_ప్రధానం
పాలు, పెరుగు, మీగడ ఇంతసేపు వేడి తట్టుకోవు. చివరి పావుగంటలో, గది వేడికి వచ్చాక, కుక్కర్‌లోంచి రెండు గరిటెల పులుసు తీసి అందులో కలిపి అప్పుడు పోయండి. పాస్తా, బియ్యం కూడా అంతే, పొద్దున వేస్తే జావ.

రెండో_షిఫ్ట్
మిగిలిందాన్ని మర్నాడు స్లో కుక్కర్‌లోనే వేడిచేయకండి, అది వేడెక్కేసరికి తెల్లారుతుంది. రాత్రే వెడల్పు గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొయ్యి మీద మరగనివ్వండి.

రాత్రి_ఏడున్నర
మిగిలితే కదండీ! ఈ గురువారం పప్పు, పాలకూర చివర్లో. రాజ్మా ఆదివారం, గింజ గారు చెప్పిన 30 నిమిషాలు పొయ్యి మీద మరిగాకే.

తొందరపాటు
గడ్డకట్టిన మాంసంలో థర్మామీటర్ గుచ్చాను తాతగారూ. నాలుగున్నర గంటల తర్వాత కూడా నడిమధ్య 38. మీ మాటే నెగ్గింది. ఇవాళ మాంసం ఫ్రిజ్ కింది అరలోకి దించాను.